వేలు కదలని పాఠం

బర్మాలోనే వరి పొలాల నడుమ బడే లేని తెలుగు పల్లె నుంచి పదమూడేళ్లప్పుడు యాంగోన్ వచ్చిన సుధామణిని, ఇక్కడి బడిలో ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు బల్లకు కొట్టుకునేవి. బర్మా రాదు, ఇంగ్లీషు రాదు, ఇంకెక్కడ కూర్చుంటుంది అన్నారు. తెలుగులో ఆ పిల్ల ఎంత మాటకారో ఎవరూ అడగలేదు. తనూ నోరెత్తలేదు. రెండేళ్లు చిన్నపిల్లల ముక్కులూ, నల్లబల్లా తుడిచి బడి మానేసింది.

ఇప్పుడు నలభై దాటాయి. యాంగోన్‌లోని సంచౌంగ్ పేటలో బట్టలు కుడుతుంది. ఆదివారం పొద్దున్న మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన మన పిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పుతుంది. పెద్దయ్యాక తాను కూడబలుక్కుని నేర్చుకున్నదే.

మొన్న జూన్‌లో పైడితల్లి వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల. నెలలోగా ఇంగ్లీషు చదివి చూపకపోతే చిన్న తరగతికి దించేస్తామని బడిలో చెప్పారట.

"నాకు వొచ్చీసింది అత్తా, ఇనుకో," అని పుస్తకం తెరిచి గొంతెత్తింది. ఒక్క తప్పు లేదు. ఊరి బడిలో అందరూ కలిసి ఒకే రాగంలో అరవడం అలవాటు, అరిస్తే చదువొచ్చినట్టే. కాకపోతే తెరిచింది చేపల పాఠం, చదువుతున్నది రైలు పాఠం.

"రైలు నీళ్లలోకి దిగీసిందేటే?" అని నవ్వింది సుధామణి. "మాట కింద వేలు పెట్టి సదువు."

వేలు కదల్లేదు.

"నన్ను కిందకి దించేత్తారా అత్తా?"

సుధామణికి పాత మోకాళ్ల నొప్పి గుర్తొచ్చింది. "పుస్తకం మూసీ. పొద్దున్న మీయమ్మ ఏటి సేసిందో సెప్పు."

"వడలు ఏపింది. నాను ఉప్పు ఎక్కువేసీసినాను. తిట్టింది."

ఆ మూడు ముక్కలూ సుధామణి ఇంగ్లీషులో రాసి, ఒక్కో మాటా చదివి చూపించింది. తర్వాత పైడితల్లి తానే వెతుక్కుంది. వేలు ఒకచోట ఆగింది.

"ఇదేనా ఉప్పు? ఇంతేనా?"

"అంతే. నాకిది దొరకడానికి ఇరవయ్యేళ్లు పట్టింది."

నాలుగు ఆదివారాల తర్వాత సుధామణి పైడితల్లితో కలిసి బడికి వెళ్లింది. టీచరమ్మ ఎన్నడూ చెప్పని పేజీ తీసింది. పైడితల్లి వేలు పెట్టి, ఆగి ఆగి, మూడు తప్పులతో చదివింది.

"మరీ నెమ్మది," అంది టీచరమ్మ.

పదమూడేళ్లప్పుడు మింగేసిన మాట సుధామణి నోట ఇప్పుడొచ్చింది. "గడగడా అప్పజెప్పమంటే అప్పజెప్పేస్తుందమ్మా. అది చదువు కాదు, ఇది చదువు. ఈ పిల్లని తన ఈడు వాళ్ల దగ్గరే ఉంచండి."

టీచరమ్మ ఆ వేలి వంక చూసింది. "మూడు నెలలు చూస్తాను," అంది.

మూడు నెలలంటే పన్నెండు ఆదివారాలు. సుధామణి మిషను గదిలో పైడితల్లి లాంటి వాళ్లు తొమ్మిది మంది, నేర్పేది ఒక్క మనిషి. యాంగోన్ నడిబొడ్డున లమ్మడా కొట్లలో, చౌక్తడా ఆఫీసుల్లో రోజంతా ఇంగ్లీషు కాగితాలు తిరగేసే మనవాళ్లకి కొదవ లేదు. అయ్యా, అమ్మా, ఆదివారం ఒక గంట ఇవ్వండి. మీ వీధి పిల్లని ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెడితే బడికి వెళ్లి అడగండి. పాఠం అప్పజెప్పమనకండి, పక్కన కూర్చుని, వేలు కదిలేదాకా ఆగండి.