పగడాలకు తిండి పెట్టిన రోజు

నాయన గుంతకల్లులో గూడ్సు బండ్ల డ్రైవరు. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, ఒక తెల్లవారుజామున ఆయన నడుపుతున్న బండి ముందు ఒక మనిషి పట్టాల మీదికొచ్చి కూర్చున్నాడు. నాయన హారను మోగించినాడు, బ్రేకు వేసినాడు. బండి నిలిచేసరికి అంతా అయిపోయింది. తప్పు డ్రైవరుది కాదని పైవాళ్లు రాసిచ్చినారు. ఆ కాగితం వచ్చినా ఆయనకు నిద్ర రాలేదు. నాలుగు నెలలు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. పిలిస్తే పలికేవాడు, అంతే.

అప్పుడే బెంగుళూరులో ఉన్న ఆయన స్నేహితుడొకాయన, ఉత్తరాదికి బదిలీ అయి పోతూ, తన ఇంట్లోని ఉప్పునీళ్ల తొట్టిని మాకు పంపించినాడు. మూడడుగుల గాజు తొట్టి, రాళ్లు, రెండు నారింజ రంగు చేపలు, రాళ్లకు అతుక్కొని పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునే ఇల్లు మాది. ఇవేమో మెత్తగా, ప్రాణంతో ఉన్నాయి. కొన్ని పుట్టగొడుగుల మాదిరి, కొన్ని ఆకుపచ్చ చొక్కాగుండీల మాదిరి. ఒక్కో గుండీ చుట్టూ సన్నటి మీసాలు, నడుమ చీలికంత నోరు. లైట్లు వేస్తే విచ్చుకునేవి, ఆర్పితే ముడుచుకునేవి.

నాయన వాటి ముందర స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టినాడు. మొదట్లో గంట, తర్వాత పూటపూటంతా. రెండు నెలలకు మళ్లీ డ్యూటీకి పోయినాడు. ఆ తొట్టి వల్లే మనిషి నిలబడినాడని అమ్మ నమ్మింది. ఐదు రోజులకొకసారి కుళాయి వచ్చే కాలనీలో, తాగే ఫిల్టరు నీళ్లు తెచ్చి నాయన సముద్రపు ఉప్పు కలిపి తొట్టిలో పోస్తున్నా ఒక్క మాట అనలేదు. ఒక్క దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు.

"చేపలకు వేస్తాండావు సరే, వీటికేం పెడతాండావు?" అని అడిగేది అమ్మ.

"వీటికేం అక్కర్లేదు. లోపల కంటికి కనపడని నాచు ఉంటాదంట. వెలుగు తగిలితే ఆ నాచే తిండి తయారుచేసి పెడతాది. చేపలు తినంగా మిగిలింది చాలు."

"నోరుండాది కదా. తినేదానికి కాకుంటే నోరెందుకు?"

"తొట్టి పంపిన ఆయప్పే పెట్టొద్దన్నాడు" అనేవాడు నాయన.

ఎండాకాలం వచ్చింది. కరెంటు కోతలు మొదలైనాయి. లైట్లు సగం రోజు కూడా వెలగడం లేదు. గుండీలు పూర్తిగా విచ్చుకోవడం మానేసినాయి. కొన్ని ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయినాయి. అమ్మది శింగనమల దగ్గర పల్లె. "కరువులో గొడ్ల డొక్కలు చూసినదాన్ని. ఇవి బక్కబడినాయి పాపా," అనింది. వెలుగే తిండి అయితే, వెలుగు లేని రోజు పస్తే కదా అని నాకూ అనిపించింది. ఆ రోజుకు నాయన డ్యూటీ మీద పోయి మూడు రోజులైంది. ఆ సాయంత్రం రావాలి.

ఆ పొద్దున్నే అమ్మ ఎండు రొయ్యలు మెత్తగా దంచింది. ఆ పొడిని తొట్టి నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో ఒక గుండీ మీద చుక్క వదిలినాను. మీసాలు వణికినాయి. గుండీ మెల్లగా పిడికిలి మాదిరి మూసుకుంది. అమ్మ నా భుజం పట్టుకుంది. "తింటాది చూడు. ఎన్నాళ్ల ఆకలో."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నేను అన్నిటికీ పెట్టినాను. మూసుకున్నవాటి మీద, పుట్టగొడుగుల మీద కూడా వదిలినాను. గిన్నెలో మిగిలిందంతా తొట్టిలో కుమ్మరించినాను.

పదకొండుకు కరెంటు పోయింది. రెండు గంటల్లో రావాల్సింది రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిందని పక్క క్వార్టర్స్ ఆమె చెప్పింది. నీళ్లు తిప్పే మోటారు ఆగిపోయి, రొయ్యల పొడి రాళ్ల సందుల్లో పేరుకుంది. ఒంటిగంటకు నీళ్లు బూడిద రంగు తిరిగినాయి. రెండింటికి పాలు కలిపినట్టు తెల్లగా అయినాయి. చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చేపలకు గాలి అందడం లేదని తెలిసింది. చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోయడం మొదలుపెట్టినాను. చేతులు లాగేసినాయి. అమ్మ చెంబు తీసుకుంది. వంతులు వేసుకున్నాం. నీచు వాసన ఇల్లంతా పట్టింది.

"నీళ్లు మార్చాలమ్మా."

ఇంట్లో తాగేదానికి రెండు క్యాన్ల నీళ్లే ఉన్నాయి. కుళాయి ఎల్లుండి. అమ్మ వాటి వైపు చూసి, "పోసెయ్. మనం యాడన్నా అడుక్కోని తాగుదాం," అనింది.

ఉప్పు కలపడంలో తప్పితే మిగిలినవీ చచ్చిపోతాయి. ఉప్పు కొలిచే గాజు గొట్టాన్ని బకెట్టులో తేల్చినాను. అమ్మ బకెట్టు కదలకుండా పట్టుకుంటే గీత చదివినాను. తక్కువుంది. ఇంకొంచెం కలిపినాం. బకెట్టు తర్వాత బకెట్టు పాత నీళ్లు తీసి కొత్తవి పోసినాం. నాలుగింటికి ఒక చేప అడుగున పక్కకు ఒరిగింది. నాకు చేప మీద ధ్యాస లేదు. నాయన వచ్చి ఇది చూసి మళ్లీ ఆ నాలుగు నెలల మనిషి అయిపోతాడని భయం.

ఐదున్నరకు గేటు చప్పుడైంది. నాయన పెట్టె పట్టుకుని గడపలోనే నిలబడి చూసినాడు. అమ్మ "నేనే వేయమంటి" అనింది. నేను "నేనే ఎక్కువేసినా" అన్నాను. ఆయన పెట్టె కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, నా చేతిలోని చెంబు తీసుకున్నాడు. ముంచి పోస్తూ అడిగినాడు.

"ఎందుకేసినావు?"

"ఆకలిగొన్నట్టు కనపడినాయి నాయనా."

ఆయన చెయ్యి ఆగలేదు. నీళ్ల వైపే చూస్తూ చెప్పినాడు. "ఆ పొద్దు ఆ మనిషి పట్టాల పక్కన సద్దిగిన్నె పెట్టినాడు. నేను దిగి చూసినా. మూత గూడా తీయలేదు."

ఆ మనిషి గురించి ఆయన మాట్లాడడం అదే మొదటిసారి. అమ్మ బకెట్టు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. చీకటి పడేముందు కరెంటు వచ్చి మోటారు తిరిగింది.

పది రోజుల్లో సగం గుండీలు జిగురై కరిగిపోయినాయి. పుట్టగొడుగులు బతికినాయి. చేపల్లో ఒకటే బతికింది. నాయన స్నేహితునికి ఫోను చేసి అంతా అడిగినాడు. తర్వాత తనే వారానికొకసారి, కరెంటు ఉన్నప్పుడు, సిరంజితో చుక్క చుక్కగా పెట్టి చూసినాడు. పుట్టగొడుగులు పట్టించుకోలేదు, వాటికి వెలుగే చాలు. గుండీలు తీసుకున్నాయి. పెట్టకపోయినా బతికేవేమో గానీ, పెట్టినాక పక్కన కొత్తవి పుట్టుకొచ్చినాయి. "నువ్వు చెప్పింది సగం నిజమే" అని అమ్మతో అన్నాడు. అమ్మకు ఆ సగం చాలలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఆయన సిరంజి నాకు అందించినాడు. నేను వద్దన్నాను. "పట్టుకో. ఒక్క చుక్క. నేనీడే ఉంటా," అన్నాడు. గుండీ దగ్గరికి పోలేక దూరంనుంచే వదిలినాను, ఆ చుక్క గుండీ మీద కాక పక్క రాయి మీద పడింది.