దేవదానం సార్ అనని మాట

పద్నాలుగేళ్ళుగా ఈ సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెప్పుకోవడానికి ఇంట్లో మనుషులు లేరు. స్నేహితులతో చెప్పే ధైర్యం లేదు. నలుగురి గుట్టూ పేపరుకెక్కించి బతికినవాణ్ణి, నా గుట్టు మాత్రం భద్రంగా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి.

తొంభైల నడుమ నేను పుంగనూరులో ఒక దినపత్రికకు విలేకరిని. ఏదో గొప్ప ఉద్యోగం అనుకోకండి. ఆఫీసు లేదు, ఫోను లేదు. బజారులో బట్టలంగడి మీద ఒక అద్దె గది, ఒక సైకిలు, రాసుకోవడానికి కాగితాల కట్ట. పొద్దున్నుంచి తిరిగి, రాసిన వార్తలన్నీ కవరులో పెట్టి, సాయంత్రం నాలుగు గంటల తిరుపతి బస్సు డ్రైవరు చేతికివ్వాలి. ఆ బస్సు తప్పిపోతే ఆ రోజు పుంగనూరులో ఏమీ జరగనట్టే. కొళాయిలో నీళ్ళు రాకపోవడం, మదనపల్లెలో టమోటా ధర పడిపోవడం, సంతలో తగాదా, ఇవే నా వార్తలు. అయినా పేపర్లో వచ్చిందంటే జనం నమ్మేవాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనేవాళ్ళు. ఆ నమ్మకం నా తలకెక్కింది.

ఆ ఏడు మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. ఒక పార్టీవాళ్ళు ఎన్నడూ లేని పని చేశారు. టికెట్ ఎవరికివ్వాలో పెద్దలు కాదు, వార్డులోని పార్టీ సభ్యులే చెప్పాలన్నారు. ఆదివారం పొద్దున కల్యాణమంటపంలో అందరూ చీటీలు వేయాలి. ఎవరి పేరు మీద ఎక్కువ చీటీలు పడితే టికెట్ వాళ్ళది. అసలు ఎన్నికకు ముందు ఇంకో చిన్న ఎన్నిక అన్నమాట. నాకది భలే నచ్చింది. టికెట్ కావాలంటే ఏ పెద్దమనిషి వాకిట్లోనో పడిగాపులు కాయాల్సిన రోజుల్లో, బీడీలు చుట్టే ఆడమనిషి చీటీకీ కాంట్రాక్టరు చీటీకీ ఒకే విలువ అన్నారు మరి. దాన్ని పొగుడుతూ రెండు రోజులు రాశాను కూడా. చివరికి దాన్ని చెడగొట్టింది నేనే.

పోటీలో ఇద్దరు. ఒకరు కాంట్రాక్టరు భార్య. ఇంకొకరు ఎస్తేరమ్మ. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. వార్డులో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. కొళాయి రాకపోతే ఖాళీ బిందె చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు నడిచేది. వెనకాల వీధి ఆడవాళ్ళంతా నడిచేవాళ్ళు. ఆమె భర్త దేవదానం సార్, బడిలో డ్రాయింగు మేస్టరు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. గట్టిగా మాట్లాడటం రాని మనిషి. ఆమె వీధులు తిరుగుతుంటే ఆయన వంట చేసి, ఆమె వచ్చేదాకా తినకుండా కూర్చునేవారు. మనకెందుకమ్మా ఈ రాజకీయాలు అని నవ్వుతూ అనడం నేనూ ఒకటి రెండుసార్లు విన్నాను. నవ్వుతూనే. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరికొకరే. ఆ వాకిలి ముందు నుంచి సైకిలు మీద పోయేటప్పుడల్లా నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది. ఇది కూడా దాచడం ఎందుకు?

ఎస్తేరమ్మ మీద నాకు కోపం ఉండేది. ఎన్నికలకు కొన్ని నెలల ముందు ఒక అమ్మాయి పురుగుల మందు తాగింది. బతికింది. నేను పేరూ ఊరూ వేసి వార్త రాశాను. మరుసటి రోజు టీ అంగడిలో పదిమంది ముందు ఎస్తేరమ్మ నన్ను నిలబెట్టి కడిగేసింది. ఆ పిల్ల రేపు వీధిలో ఎట్లా తలెత్తుకుని నడుస్తుందని అడిగింది. నీకు ఇంట్లో ఆడవాళ్ళు లేరా అంది. నిజానికి నాకు ఎవరూ లేరు. అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. గదికి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. తప్పు లేని మాట కాబట్టే మనసులో అంతగా నాటుకుంది.

చీటీల ముందురోజు, శనివారం. అదే టీ అంగడి. కాంట్రాక్టరు బావమరిది నా పక్కన కూర్చుని, ఎస్తేరమ్మ పోటీ నుంచి తప్పుకుంటోందట కదా అన్నాడు. అతనెందుకు అన్నాడో నాకు తెలియదా? పదేళ్ళ పిల్లవాడికైనా తెలుస్తుంది. ఎస్తేరమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. సైకిలెక్కితే మూడు నిమిషాలు. నేను వెళ్ళలేదు. కాగితం తీసి రాశాను. ఎస్తేరమ్మ పోటీ నుంచి తప్పుకున్నట్లు విశ్వసనీయంగా తెలిసింది. మా వృత్తిలో ఆ 'తెలిసింది' అనే మాట పెద్ద గొడుగు. ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు, ఎవరూ అడగరు.

బస్సు వేళైపోయింది, కనుక్కునే వ్యవధి లేకపోయింది అని తర్వాత చాలామందికి చెప్పాను. ఆరోజు బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటా నేను బస్టాండు బల్ల మీద, కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ కాగితం ఒక్కటి తీసి చింపేస్తే చాలు. ఎందుకు చింపలేదు? ఆమె కూడా ఒకసారి పదిమందిలో తలవంచుకుంటే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నానా? అనుకున్నాను. బస్సు వచ్చింది. కవరు ఇచ్చేశాను.

ఎస్తేరమ్మ వైపువాళ్ళలో ఎక్కువమంది వాళ్ళ చర్చివాళ్ళే. ఆరాధన పదింటికి ముగుస్తుంది, అక్కడి నుంచి నేరుగా మంటపానికి రండి అని ఆమె ఇంటింటికీ ముందే చెప్పి పెట్టింది. తను మాత్రం ఆరోజు చర్చి మానుకుని తెల్లవారగానే మంటపానికి వచ్చేసింది. చర్చి ఆవరణలోకి ఎవరో పేపరు తెచ్చారు. ఆమే తప్పుకున్నాక మనం పోయి చేసేదేముందని ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళకు వెళ్ళిపోయారు. హార్మోనియం పెట్టెలో సర్ది సార్ బయటికొచ్చేసరికి ఆవరణ ఖాళీ అయింది. మనవాళ్ళంతా ముందే వెళ్ళారనుకుని ఆయన ఒక్కరే మంటపానికి నడిచొచ్చారు.

నేను మంటపంలోనే ఉన్నాను. ఆమె గేటు వైపే చూస్తూ నిలబడింది. ఎవరో పేపరు చూపిస్తే నవ్వేసి, ఇదేందో పొరపాటు, మావాళ్ళు నమ్మరులే అంది. గేటులోంచి సార్ ఒక్కరే రావడం చూసి ఆమె నవ్వు పోయింది. ఇళ్ళకు మనిషిని పంపేలోపల చీటీల వేళ ముగిసింది. కొద్దిలో ఓడిపోయింది. కొద్దిలోనే. ఆ ఖాళీ గేటు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

మీరు ఇదే నా తప్పు అనుకుంటున్నారేమో. ఇంతటితో ఆగిపోయి ఉంటే నేను ఇప్పుడు ఇది రాసేవాణ్ణి కాదు. వార్డు పోతే ఇంకో ఎన్నిక వస్తుంది.

సోమవారం పొద్దున ఆమె మెట్లెక్కి నా గదికి వచ్చింది. తిట్టలేదు. ఎవరు చెప్పారో అది ఒక్కటి చెప్పు, ఇంకేమీ అడగను అంది. తిట్టి ఉంటే ఏదో ఒకటి ఒప్పుకునేవాణ్ణేమో. ఆమె అంత నెమ్మదిగా అడిగేసరికి నాకు భయం వేసింది. తిరుపతిలోని మా పత్రిక ఆఫీసుకు ఫిర్యాదు రాస్తే నా పని పోతుంది. ఆ పని తప్ప నాకు ఈ లోకంలో ఏముంది? బావమరిది పేరు చెబితే, ఆ మాట నమ్మి రాశావా అంటుంది. నా నోట్లోంచి వేరే పేరు వచ్చింది. దేవదానం సారే చెప్పారక్కా, ఇంటి మనిషే చెబితే ఇంకెవర్ని అడగాలి అన్నాను. చాలా తేలిగ్గా వచ్చేసింది. ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వారం తర్వాత మధ్యాహ్నం సార్ వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే చెప్పులు విడిచి నిలబడ్డారు.

"అప్పా, నేను నీతో ఆ మాట అంటినా?" అని అడిగారు.

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

"మనకెందుకీ రాజకీయాలని అప్పుడప్పుడు అంటా ఉంటాను, అది నిజమే. ఆమె తప్పుకుంటాండాదని కూడా అంటినా? నాకు గ్యాపకం రావడం లేదు. అందుకే అడుగుతాండాను."

నన్ను నిలదీయడానికి రాలేదాయన. తనను తాను తెలుసుకోవడానికి వచ్చారు. లేదు సార్, మీరు అనలేదు అంటే ఒక్క నిమిషంలో అంతా సర్దుకునేది. నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను.

"అన్నారు సార్. టీ అంగడి దగ్గర. మీరు మరిసిపోయినట్టుండారు."

ఆయన తలూపారు.

"అట్లనా. అయితే అనే ఉంటానులేప్పా. నువ్వు యాల అబద్ధం చెప్తావు."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మొదటిసారి భయంతో ఆడానని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఈ రెండోసారికి నా దగ్గర ఏ సాకూ లేదు. ఒక మనిషికి తన నోటి మీద తనకే నమ్మకం లేకుండా చేశాను.

ఆ ఏడాదే ఎస్తేరమ్మకు కుప్పంలో ఆడపిల్లల హాస్టలు వార్డెను పని దొరికింది. వెళ్ళిపోయింది. పని కోసమే వెళ్ళిందన్నారు ఊళ్ళో. సార్ వెళ్ళలేదు. ఇద్దరూ కోర్టుకెక్కలేదు, పెద్దమనుషుల్లో పెట్టలేదు. పండక్కి ఆమె వచ్చి రెండు రోజులుండి పోయేదట. పెద్దగా మాటలుండేవి కావట. సార్ ఒక్కరికే వండుకునేవారు. ఇంటి ముందు నుంచి పోతే నాకే నమస్కారం పెట్టేవారు. నేను దారి మార్చుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉండేది నా బతుకు. తర్వాత నన్ను మదనపల్లెకు మార్చారు. ఊరు మారితే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నా గదిలోనూ ఒక్కరికే అన్నం ఉడికేది, ఆయన ఇంట్లోనూ ఒక్కరికే. నా ఒంటరితనం నా రాత. ఆయనది నేను రాసింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎన్నికల సభకు కుప్పం వెళ్ళాను. చెప్పేద్దామనే హాస్టలుకు నడిచాను. నన్ను చూసి ఆమె సంతోషించింది. మనూరి మనిషి వచ్చాడని పిల్లలకు చెప్పి, సంగటి పెట్టింది. పుంగనూరులో కొళాయిలు వస్తున్నాయా అని అడిగింది. సార్ గురించి అడగలేదు. సంగటి తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆమె పెట్టిన కూడు తినడానికి తెరుచుకున్న నోరు మాటకు తెరుచుకోలేదు. సిగ్గులేని జన్మ.

ఆ చిన్న ఎన్నిక మళ్ళీ ఎవరూ పెట్టలేదు. అన్నేళ్ళలో ఎన్ని ఎన్నికలు రాశానో. టికెట్లు పైనుంచి ఫోనులో ఖరారయ్యేవి. కార్యకర్తల మాట వినే రోజులు పోయాయని నేనే వ్యాసం రాసి మెప్పు పొందాను.

పోయిన ఏడు దేవదానం సార్ పోయారు. పుంగనూరు వెళ్ళాను. మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక, శ్మశానం గేటు దగ్గర ఎస్తేరమ్మ నా పక్కన వచ్చి నిలబడింది. తల పూర్తిగా నెరిసిపోయింది. నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"ఆయన, నేను అనలేదు అని గట్టిగా అనుంటే నమ్మేదాన్నప్పా. అన్నాను, తప్పయిపాయ అన్నా వచ్చేసేదాన్ని. అనే ఉంటాను, గ్యాపకం లేదు అంటాడు. ఇన్నేండ్లూ అదే మాట. ఏమని నమ్మేది, దేన్ని మన్నించేది?"

నేనక్కడే ఉన్నాను. ఆమె పక్కనే. జాగ్రత్తక్కా అన్నాను. అంతే అన్నాను.

ఒక సంవత్సరం పట్టింది నాకు. పోయిన వారం ఆమెకు ఉత్తరం రాశాను. వేలకొద్దీ వార్తలు రాసినవాణ్ణి, నాలుగు వాక్యాలకు మూడు రోజులు పట్టింది. దేవదానం సార్ నాతో ఏమీ అనలేదు. ఆ మాట నేను పుట్టించాను. ఆయన వచ్చి అడిగినప్పుడు కూడా అన్నారనే చెప్పాను. నీ మీద కోపంతో వార్త రాశాను, నన్ను నేను కాపాడుకోవడానికి ఆయన పేరు చెప్పాను. మన్నించమని రాయలేదు. అడిగే మొహం నాకు లేదు.

రాసి మంచి పని చేశానా? తెలియదు. నా బరువు దించుకుని ఆమె నెత్తిన పెట్టానేమో. ఆయన ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఆమె తిరిగి వెళ్ళేది. ఇప్పుడు వెళ్ళడానికి ఇంట్లో ఎవరున్నారు? ఇన్నాళ్ళు మొగుడి మీద కోపంతో బతికింది. ఇక ఆ కోపం కూడా లేకుండా ఎలా బతుకుతుంది? ఇదంతా ఆలోచించే ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేశాను. ఆయన పేరు ఆమె దగ్గరైనా బాగుపడాలి కదా.

జవాబు రాలేదు. వస్తుందని చూడటం లేదు. మీకు రాస్తున్న ఈ కాగితాల మీద నా పేరు వేయలేదు, అంత ధైర్యం ఇంకా రాలేదు. ఆమెకు రాసిన ఉత్తరం కింద మాత్రం పూర్తి పేరు, మదనపల్లె చిరునామా రాసి సంతకం పెట్టాను.