రెండు గంటలకోసారి

మాకు వార్డులో నర్సింగ్ పని నేర్పిన మేడం పోయిన సోమవారం పొద్దున కన్నుమూశారు. నాలుగు నెలలుగా పక్షవాతంతో కొత్తకోటలోని కూతురింట్లో మంచం మీదే ఉన్నారు. ఆ కూతురే ఫోన్ చేసింది. "అమ్మ పోయింది చెల్లె. స్నానం చేపియ్యనీకి నువ్వు రావాలె."

వార్డులో మా మొదటి రోజు మేడం మమ్మల్ని ఒక్కొక్కరినీ ఇనుప మంచం మీద కదలకుండా పడుకోబెట్టారు. పావుగంటకే నడుం మండింది. "మీరు లేస్తరు. వాళ్లు లేవరు" అన్నారు.

కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెడితే పడక పుండ్లు ఎంత తగ్గుతాయన్నది ఆమె చేస్తున్న చిన్న పరిశోధన. తిప్పడం, తలాపున ఉన్న కాగితంలో రాయడం విద్యార్థులమైన మా పని. డ్యూటీ మొదట్లోనే అన్ని గంటలకూ టిక్కులు పెట్టేయడం మాకు అలవాటు. నేనూ అదే చేశాను.

నేను అలా టిక్కులు పెట్టిన మంచం మీద ఉన్నది తుంటి విరిగి పాన్‌గల్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి కూలీ. మేడం కాగితం చూశారు, వెల్లకిలా పడుకుని ఉన్న ఆయన్ని చూశారు.

"ఎడమ పక్కకు తిప్పినట్టు రాసినవు. ఎల్లెలకల పన్నడు గద?"

మంచం పక్కనున్న ఆయన భార్య అందుకుంది. "పొద్దుగాల్నుంచి గట్లనే పన్నడు మేడం. పిల్లనేమనకుండ్రి. మంచిగ మాట్లాడ్తది, మా ఆయన కంటే నయం."

మేడం నవ్వలేదు. ఆయన్ని పక్కకు తిప్పారు. నడుం దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

రోజురోజుకూ పుండు లోతుకు పోతుంటే భయపడి, ఆయన్ని పరిశోధన లెక్కలోంచి తీసేయమని మేడంను బతిమాలాను.

"తీసేస్తే నా లెక్క మంచిగైతది. ఆయన వీపు మంచిగైతదా?"

ఆయన బతకలేదు. మేడం తన నివేదికలో నా పేరు రాయలేదు. 'తిప్పినట్టు రాశాము, తిప్పలేదు' అని రాశారు. 'రాశాము' అన్న మాటలో తననూ కలుపుకున్నారు. ఒక చిన్న మాట అంత బరువు మోస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం పెరట్లో స్నానానికి వేసిన చెక్క మీద మేడంను పక్కకు తిప్పాను. నడుం కింద బొటనవేలంత ఎర్రటి మచ్చ ఉంది.

"మాట పడిపోయినంక కండ్లతోనే గడియారం చూపేది" అంది కూతురు. "తిప్పుతనే ఉంటి చెల్లె. మొన్న ఒక్కపూట కన్నంటుకుంది."



నీళ్ల బిందె పట్టుకున్న ముసలమ్మ తొందరపెట్టింది. "ఎల్లెలకల పండవెట్టు బిడ్డా, నీళ్లు పొయ్యాలె."

మేడంకు ఇక నొప్పి తెలియదు. అయినా మచ్చ చెక్కకు తగలకుండా నా అరచేయి కింద పెట్టి, ఆమెను దాని మీదికి దించాను. గోరువెచ్చని నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి కారిపోతూ ఉన్నాయి.