గాజుగుడ్డకు పెట్టిన పసుపు

మొన్న మా బావ కంపెనీ వాళ్లు ఎప్పటిలాగే కొత్త సంవత్సరం క్యాలెండరు పంపించారు. ఈసారి దేవుడి బొమ్మ లేదు. పరాయి దేశంలో జరిగే దవాఖాన సామాన్ల ఎగ్జిబిషన్‌లో వాళ్లు పెట్టుకున్న స్టాలు ఫోటో వేశారు. స్టాలు ముందు బావ కోడలు నల్లకోటు తొడుక్కుని, చేతిలో గాయాలకు కట్టే గాజుగుడ్డ మడత పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. మంచి పిల్ల, చదువుకున్న పిల్ల, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ క్యాలెండరు తెచ్చిచ్చిన డ్రైవరు, చూసిండ్రా చిన్నమ్మా, మన ఆడోళ్లు యాడిదాక పోతున్నరో, కాలం మారింది అన్నాడు. గోడకు మేకు ఖాళీగానే ఉంది గానీ, దాన్ని తగిలించబుద్ధి కాలేదు. బియ్యం డబ్బా కింద పరిచాను.

నా ఈడువాళ్లకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను? తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మాది నేతపని చేసుకుని బతికిన ఇల్లు. అంతకు కొన్నేండ్ల ముందే, చీరలు కొనేవాళ్లు తగ్గిపోయాక, చిట్యాల దాటి పెద్దరోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకుని, మరమగ్గాల మీద దవాఖానలకు కావలసిన గాజుగుడ్డ, పట్టీలు నేయించడం మొదలుపెట్టాం. బావ అంటే మా ఆయన అన్న, బయట తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. మా ఆయన మగ్గాలు చూసుకునేవాడు. కోత, మడత, ప్యాకింగు నావి. రామన్నపేట వైపు ఊళ్ల నుంచి ఆడవాళ్లు పనికి వచ్చేవారు, వాళ్లకు మడత నేర్పింది నేనే. కోసిన అంచు ఎప్పుడూ లోపలికే పోవాలి, లేకపోతే పోగు ఊడి గాయంలో పడుతుంది. ఆ ఒక్క మాట చెప్పి చెప్పి నా నోరు నొచ్చేది, వాళ్లు నన్ను వెక్కిరిస్తూ ఇంట్లో చీర మడతపెట్టేటప్పుడు కూడా అంచులు లోపలికి తోసేవారు.

అలా ఉండగా బావ ఒక కబురు తెచ్చాడు. జర్మనీలో దవాఖాన సామాన్ల పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుందట, మనలాంటి చిన్న యూనిట్లు కూడా స్టాలు పెట్టుకోవచ్చట, ఆడవాళ్లు నడిపే యూనిట్లకు ముందు జాగా ఇస్తారట. దరఖాస్తులో యజమానిగా నా పేరు రాశారు. స్టాలు వచ్చింది. ముగ్గురు పోవచ్చన్నారు: బావ, మా ఆయన, నేను. సరుకు తెలిసిన మనిషి అక్కడ ఉండాలని హైదరాబాదులో ఎగుమతి చూసే ఏజెంటు కూడా గట్టిగా చెప్పాడట. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది, దాచుకోవడం ఎందుకు! నార్కట్‌పల్లి దాటితే బంధువుల పెళ్లిళ్లు తప్ప వేరే లోకం చూడని దాన్ని. విమానం మోజు కాదు నాది. నా చేతుల మీదుగా పోయిన గుడ్డ ఎవరి గాయానికి చుట్టుకుంటుందో నాకు ఎన్నడూ తెలియలేదు. ఒక్కసారి ఆ సరుకు ముందు నిలబడి, దీన్ని నేను చేశాను అని నా నోటితో చెప్పాలి. అంతే నా కోరిక.

ఆ నెలలన్నీ పండుగలాగే గడిచాయి. స్టాలు జాగా ఎంతో కాగితం మీద చూస్తే అర్థం కాక, షెడ్డు నేల మీద ముగ్గుపిండితో గీత గీసుకున్నాం. తీరా చూస్తే మా వంటింటంత కూడా లేదు. అందులో బల్ల ఎక్కడ వేయాలి, పట్టీలు ఎక్కడ పేర్చాలి అని రోజూ మార్చి మార్చి చూసేదాన్ని. పనివాళ్లలో ఎవరో చేయి ఊరుకోక ఆ గీత చుట్టూ తీగలూ పువ్వులూ వేశారు, జర్మనీ వాళ్లు తొక్కుతారేమే అని అందరం నవ్వుకున్నాం. బడిలో పంతులమ్మగా చేసే మా తమ్ముని భార్య సాయంత్రాలు వచ్చి ఇంగ్లీషు మాటలు నేర్పేది, పత్తి, పోగు, అంచు, మడత, అన్నీ. మొదట నాలుక తిరగలేదు, తర్వాత పొయ్యి దగ్గర కూడా అవే మాటలు. హైదరాబాదు పోయి వీసాకు వేలిముద్రలు వేసి వచ్చాం, వారాల తరబడి ఎదురుచూశాం. ఉన్నికోటు కొనుక్కొచ్చిన నాడు షెడ్డులో ఆడవాళ్లు దాన్ని చీర మీద నాకు తొడిగి చుట్టూ తిప్పి చూశారు. ఎలుగుబంటి లెక్కున్నవు అక్కా అని ఒకామె అంటే, మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు.

నమూనాల డబ్బాలు కట్టే ముందు ఇంట్లో పెట్టాం. సీలు వేసిన ప్యాకెట్లు వేరు, వచ్చినవాళ్లు ముట్టి చూసుకోవడానికి విడిగా పెట్టిన మడతలు వేరు. మన ఇళ్లల్లో కొత్తబట్ట కట్టాలన్నా ఇవ్వాలన్నా మూలకు పసుపు పెట్టకుండా ఉంటామా? మా అత్తమ్మ, పాపం, కోడలు దేశంగాని దేశం పోతున్నది, సరుకు మంచిగా అమ్ముడుపోవాలె అనుకుని, ఎవరూ చూడనప్పుడు డబ్బా మూత తీసి, ఆ విడి మడతలన్నింటికీ ఓపికగా మూలమూలకూ పసుపు పెట్టింది. తెల్లని గాజుగుడ్డ మీద పచ్చని వేలిగుర్తులు! మాకెవరికీ తెలియదు. డబ్బాలు హైదరాబాదు పోయాయి. అక్కడ ఏజెంటు ఆఫీసులో బావ కొడుకు వాటిని తెరిపించాడు.

ఆ సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. మా ఇళ్లల్లో బావలు మరదళ్లతో నేరుగా మాట్లాడరు. నాకేదైనా చెప్పాలంటే అత్తమ్మతో చెప్తున్నట్టు చెప్పేవాడు, నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. నా జవాబు కూడా అత్తమ్మ నోటనో మా ఆయన నోటనో పోవలసిందే. ఏండ్ల తరబడి అలాగే వ్యాపారం నడిపాం, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ఆ రోజు కూడా ఆయన అత్తమ్మ వైపే చూస్తూ అన్నాడు.

"అమ్మా, దవాఖాన గుడ్డకు పసుపు బొట్లు పెట్టెటోళ్లను తీస్కపోయి ఆడ నిలబెడితే నలుగురు నవ్వరా? మన ఇజ్జత్ ఏం గావాలె? ఆమె జాగల మా పిలగాడు పోతడు తియ్."

నేను అత్తమ్మ చేతుల వైపు చూశాను. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. ఆమె చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది, తల ఎత్తలేదు. మా ఆయన బయట రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు. పెట్టింది నేనే అని అత్తమ్మ ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని నేను ఎదురుచూశాను. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ అని సామెత. మా ఇంట్లో అత్త కొట్టిన కుండ కూడా కోడలి మీదకే వచ్చింది. బావ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా ఆయనను అడిగాను, పసుపు పెట్టింది మీ అమ్మ అని మీకు తెలియదా అని. "ఎరికే. గిప్పుడు అన్నతోని లొల్లెందుకు? మల్లేడు పోదువు తియ్" అన్నాడు. ఆ మళ్లేడు ఎన్నడూ రాలేదనుకోండి, అది వేరే సంగతి. బావ కొడుకు వీసా అప్పటికే చేతిలో ఉందని తెల్లారి తెలిసింది. వీసా అడగ్గానే చేతిలో పెట్టేది కాదు, దానికోసం వారాలు ఎదురుచూసిన దాన్ని నాకు తెలియదా! పసుపు నాడు అనుకున్న మాట కాదది, ఎప్పుడో అనుకుని పెట్టుకున్నదే. స్టాలు వచ్చేదాకా నా పేరు కావాలి, వచ్చాక నేను అక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినంక బోడిమల్లయ్య.

నమూనాలు మళ్లీ చేయాలి కదా, ఎవరు చేశారనుకున్నారు? నేనే. ఎగ్జిబిషన్ దగ్గర పడింది, ఇంకెవరు మడతపెట్టినా ఆ పొందిక రాదు. చెయ్యను పొమ్మనలేకపోయావా అని మీరు అడుగుతారు. ఆ ఆడవాళ్లందరూ బల్ల ముందు కూర్చుని నా మొహం వైపు చూస్తుంటే ఏమనను? నేను పోని ఊరికి, నేను నిలబడని బల్ల మీదకు, నా చేతులతో అంచులు లోపలికి పెట్టి మడిచి పంపాను. అంత కోపంలోనూ ఒక్క మడత కూడా చెడగొట్టలేదు. దానికి ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

వాళ్లు పోయివచ్చారు. యజమానురాలేది అని అక్కడ అడిగితే, పాణం బాగలేదని చెప్పినం అని మా ఆయన చాక్లెట్ల డబ్బా ఇస్తూ అన్నాడు. నేను నిక్షేపంలా ఉన్నాను! ఆర్డర్లు వచ్చాయి, షెడ్డు కంపెనీ అయింది, మడతకు మిషన్లు వచ్చాయి, ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. తర్వాత పంచుకున్నప్పుడు కంపెనీ బావ వైపు పోయింది, ఇల్లూ అత్తమ్మా మా వైపు వచ్చారు. మా ఆయన కూడా ఇప్పుడు లేడు.

మంచాన పడిన అత్తమ్మను చివరిదాకా చూసుకున్నది నేనే. ఒకనాడు తల దువ్వుతుంటే ఆమే ఎత్తింది ఆ పసుపు మాట. "నేనే పెట్టిన అని జెప్తే పెద్దోడు ఇంకో సాకు జూస్తుండె బిడ్డా. నిన్ను తోల్కపోయే మనసే వానికి లేకుండె."

"ఒక్కసారి చెప్పి చూడకపోతివి అత్తమ్మా" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

కాలం మారిందంటే నేను కాదనను. ఇప్పుడు కోడళ్లు మామల ముందు కూర్చుని లెక్కలు చెప్తున్నారు, ఎదురు అడుగుతున్నారు, తలుపు చాటు అనేదే లేదు. మంచిదే. మనం మాత్రం ఎవరో ఒకరు మన తరఫున మాట్లాడతారని చూసి చూసి ముసలివాళ్లమైపోయాం. పోయిన నెల రామన్నపేట అంగడిలో ఒకామె ఎదురొచ్చి చేయి పట్టుకుంది. నేను ప్రయాణానికి తయారవుతున్న రోజుల్లో, పిల్లకు జ్వరమని పని మానేసి పోయిన మనిషి, మళ్లీ షెడ్డు మొహం చూడలేదు. ఆ పిల్ల నర్సు చదువు చదివి, వచ్చే నెల పరదేశం దవాఖానలో నౌకరికి పోతోందట.

"మా అక్క జర్మనీ పోయొచ్చింది, నీకేం భయమే అని చెప్పి చెప్పి చదివించిన. పరదేశం ఎట్లుంటది అక్కా? పిల్లకు జర ధైర్యం చెప్పు" అని పక్కనున్న బిడ్డను ముందుకు నెట్టింది.

ఆ పిల్ల కళ్లింత చేసుకుని నా వైపే చూస్తోంది. బాగుంటది బిడ్డా, మంచి మనుషులు, ఏం ఫికర్ పడకు అన్నాను.