బానెట్ కింద నుంచి ఒక పిలుపు

1950ల్లో ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే ఆ పెట్రోలు బస్సుకు దారిలో ఆగడం అలవాటే. ఆ రోజు కూడా దగ్గి దగ్గి నిలిచిపోయింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరూ అడక్కముందే దిగి బానెట్ ఎత్తినాడు. డ్రైవరు మళ్ళీ స్టార్టు చేసి యాక్సిలరేటర్ తొక్కుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటూ ముందు స్పార్కు పడే టైమింగు సర్దినాడు, తర్వాత పెట్రోలు పారే కార్బురేటర్ స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పినాడు. దగ్గు తగ్గింది.

"ఇంగ రోంత తొక్కు, లచ్చిమీ," అన్నాడు.

మీసాల డ్రైవరు పకపకా నవ్వినాడు. "లచ్చిమి ఎవురన్నా? ఈడ ఉండేది నేను గదా!"

పెద్దాయన కళ్ళు తెరిచినాడు.

"నా పెండ్లాం. నా రిపేరు షెడ్డులో నేను స్క్రూ తిప్పుతాంటే అదే తొక్కుతాండె. పోయిన అమాసకు దానికి మన్నేసి వచ్చినా."

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. మళ్ళీ మెల్లగా తొక్కినాడు. ఇంజన్ అప్పటికే కుదిరింది. అయినా ఆయన బానెట్ మూయలేదు, డ్రైవరు కాలు తీయలేదు. బస్సులో మేమెవరమూ తొందరపెట్టలేదు.

ఇప్పటికీ బానెట్ ఎత్తిన బండి ఎక్కడ కనిపించినా, నా చూపు ముందు స్టీరింగు దగ్గరి సీటు వైపే పోతుంది.