మరగబెట్టిన నీళ్లు

నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టిన తెల్లటి పెచ్చును చెంచాతో గీకుతుంటే ఆ గరగరకు నాకు పళ్లు జివ్వుమంటాయి. వెంటనే రహీమా టీచర్ గుర్తొస్తారు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చి, పులివెందుల దగ్గర మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం పక్క క్లాసుకు కూడా పాఠం చెప్పేది.

మిశ్రమాలు, ద్రావణాల పాఠం రోజు రెండు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో మట్టి కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు కరిగించిన నీళ్లు. రెండింటినీ పాత పంచె గుడ్డలో వడగట్టారు. మట్టి గుడ్డ మీద నిలిచింది. ఉప్పునీళ్లు తేటగా దిగాయి. "నాలిక మీద ఏసుకోని చూడు పాపా" అన్నారు నాతో. ఉప్పగానే ఉన్నాయి. "కరిగింది గుడ్డకు చిక్కదు" అని, ఆ నీళ్లనే టీ గిన్నెలో సగమయ్యేదాకా కాచి, చల్లార్చి మళ్లీ రుచి చూపించారు. ఈసారి నోట పెట్టలేకపోయాను. నా ముఖం చూసి క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఇంట్లో అమ్మ కాచే నీళ్లను తలుచుకున్నాను.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఊరందరికీ తెలుసు. మా తమ్ముడికి కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. మోకాళ్లు నొప్పులని ఏడ్చేవాడు. అందుకని అమ్మ ఆ నీళ్లను సగానికి సగం ఇగిరేదాకా మరగబెట్టి, వాడికి వేరే చెంబులో పోసేది. నేను ఆ మాట చెప్పగానే టీచర్ ముఖం మారింది. సాయంత్రం బస్సు వదిలేసి మా ఇంటికి వచ్చారు.

విషయం విని అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "అంటే నా బిడ్డకు నేనే విషం తాపుతాండానా టీచరమ్మా?"

"మరగబెట్టమని ఎవురు చెప్పినారమ్మా నీకు?" అని అడిగారు టీచర్.

"పెద్దోడు వాంతులు, బేదులతో పోయినప్పుడు ఆస్పత్రిలో చెప్పినారు, నీళ్లలో పురుగులుంటాయి, కాంచి తాపమని. వీనికి ఇంకా శానా సేపు కాంచితే ఇంకా మంచిదనుకుంటి."

నాకంటే ముందు పుట్టిన ఆ అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. టీచర్ అమ్మ పక్కనే కింద కూర్చున్నారు.

"వాళ్లు చెప్పింది నిజమేమ్మా. కాంచితే పురుగులు చస్తాయి. ఇది పురుగు కాదు, ఉప్పు మాదిరి నీళ్లలో కరిగిండేది. నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడతాది. కాంచేది మానొద్దు, నీళ్లు మార్చు."

తర్వాత ఆమె ఊళ్లోని బావుల నీళ్లు సీసాల్లో పట్టుకుపోయి పరీక్ష చేయించారు. మంచివని తేలింది మా పెదనాయన తోట బావి ఒక్కటే. ఎలక్షన్లలో చెరో పార్టీ అయినప్పటి నుంచి ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు. వాళ్ల నీళ్లు మేం ముట్టం, మా గడప వాళ్లు తొక్కరు. సంగతి విని నాన్న టవలు దులుపుకుని బయటికి పోయాడు. అమ్మ బిందె చంకన పెట్టుకుని నేరుగా తోటకు పోయింది. నేను వెనకే నడిచాను. పెద్దమ్మ మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా మోటరు వేసింది.

"రోజూ రా. కరెంటు లేకుంటే చేద ఉంది, తోడుకో" అంది.

తమ్ముడి పళ్ల మీది చారలు పోలేదు. పోవని టీచర్ ముందే చెప్పారు. కాళ్లు మాత్రం బాగున్నాయి. జమ్మలమడుగులో ఆటో తోలుతున్నాడు.

ఇప్పుడు నేనూ సైన్సు టీచర్నే. ఆ పాఠం ఆమె అంత బాగా చెప్పడం నాకు చేతకాదు. కానీ ఎవరైనా తప్పు జవాబు చెబితే, దిద్దే ముందు అది ఎవరు చెప్పారని అడుగుతాను. ఆ రోజు టీచర్ ఆ మాట అడగకుండా లేచిపోయి ఉంటే, రెండో కొడుకును కూడా తన చేతులారా పోగొట్టుకుంటున్నానని మా అమ్మ నమ్మి ఉండేది.