తమ్ముడి ఒంట్లో లేని ప్రొటీన్

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో నేను జీవశాస్త్రం చెబుతాను. రోగనిరోధక కణాల పాఠంలో అడాప్టర్ ప్రొటీన్ల గురించి ఏటా చెప్పేదాన్ని. కణం పైనున్న రిసెప్టర్‌కు కబురు అందుతుంది. లోపల పని నడిపే ఎంజైములు వేరే ఉంటాయి. అడాప్టర్ తానుగా ఏ పనీ చేయదు, ఆ రెంటినీ దగ్గరగా పట్టి ఉంచుతుంది, అంతే. అది లేకపోతే కబురు లోపలికి పోదు. పిల్లలు రాసుకునేవారు, నేను బోర్డు తుడిచేసేదాన్ని.

నా తమ్ముడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. పందొమ్మిదేళ్లు. విగ్రహాలకు కళ్లు చెక్కే పని అప్పుడప్పుడే వాడి చేతికిస్తున్నారు. ఆ ఎండాకాలం జ్వరం పట్టుకుంది, మెడ కింద గ్రంథులు వాచాయి.

"రాతి దుమ్ముకేలే అక్కా, తగ్గిపోతాది" అన్నాడు ఫోన్లో.

వారం తిరగకముందే కళ్లు పచ్చబడ్డాయి. నంద్యాల తెచ్చాం, అక్కడి నుంచి కర్నూలు. చాలామందికి వచ్చి, వచ్చినట్టే తెలియకుండా పోయే వైరసే అన్నారు డాక్టర్లు. వాడి రోగనిరోధక కణాలు మాత్రం ఆ వైరస్‌ను తుడిచిపెట్టలేకపోయాయి. ఎక్కడ ఆగాలో తెలియక పెరుగుతూ పోయి, వాడి కాలేయాన్నే తినేశాయి. మేం చూస్తుండగానే పోయాడు.

జన్యుపరీక్ష రిపోర్టు తర్వాత వచ్చింది. ఒక అడాప్టర్ ప్రొటీన్ వాడి ఒంట్లో తయారే కాలేదు.

"ఏమని రాసినారు పాపా?" అని అమ్మ అడిగింది.

చెప్పాను. తల్లి నుంచి మగపిల్లలకు వచ్చే లోపమని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో! అడిగితే చెప్పడమే నాకు అలవాటు.

"మా తమ్ముడు గూడా ఇట్లనే పాయె. జొరం, గడ్డలు. అంటే నా కాడి నుంచే వచ్చిందా వానికి?"

"ఎవురి తప్పూ గాదు మా."

"వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

ఆ రోజు నుంచి అమ్మ వాడి పేరెత్తలేదు. ఫోటో బీరువాలో పెట్టేసింది.

కొన్నాళ్లకు నేనూ పరీక్ష చేయించుకున్నాను. ఆ లోపం నాలోనూ ఉంది; ఆడవాళ్లకు జబ్బు చేయకుండా కొడుకులకు చేరుతుంది. ఆదివారం ఆళ్లగడ్డ పోయి అమ్మ పక్కన కూర్చున్నాను.

"నాకు కొడుకు పుడితే వానికీ రావచ్చంట. నాది తప్పా మా?"

"నువ్వేం జేసినావే, పిచ్చిదానా!"

"మరి నువ్వేం జేసినావు?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాడు పోయాక ఆమె ఏడవగా చూడటం అదే మొదలు. ఇన్నాళ్లకు వాడి మాటెత్తింది. "గొంతు వాచి ఒక్క ముద్దన్నా మింగకపాయె. ఆకలితో పోయినాడు" అంది.